టీచర్‌గారి క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌కి డబ్బులు పోగు చెయ్యాలంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి

మనకి చదువు చెప్పిన టీచర్‌కి క్యాన్సర్ అని తెలిసిన రోజు రాత్రి బ్యాచ్ గ్రూపులో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. ఎవరో ఒకరు వార్త పెడతారు, పది నిమిషాల్లో అరవై మెసేజ్‌లు, వరసపెట్టి దండాల బొమ్మలు, "ఏదో ఒకటి చేద్దాం రా" అని ఒకడు, "అకౌంట్ నంబర్ పెట్టండి ముందు" అని ఇంకొకడు, ఆ ఊపులో ఎవరో ఒక నంబర్ పెట్టేస్తారు కూడా. దయచేసి ఆ రాత్రికి ఆ నంబర్ పెట్టకండి. రెండు మూడు రోజులు ఆగితే కొంపేం మునిగిపోదు. మా లెక్కల టీచర్‌గారికి ఈ జబ్బు వచ్చినప్పుడు మేం ఆగలేదు, ఆగకపోవడం వల్ల తర్వాత సర్దుకోడానికి చాలా తిప్పలు పడ్డాం, అందుకే మొదట్నుంచీ ఏది ముందు ఏది వెనక అన్నది వివరంగా రాస్తున్నా.

అన్నిటికంటే ముందు టీచర్‌గారిని అడగాలి. వాళ్ళబ్బాయినో, వాళ్ళాయన్నో అడిగితే సరిపోదా అంటే సరిపోదు. వాళ్ళనీ అడగాలి, కానీ మాట్లాడే ఓపికుంటే టీచర్‌గారినే నేరుగా అడగాలి. మా బ్యాచ్ నుంచి ఇద్దరం వెళ్ళేసరికి ఆవిడ డేకేర్ వార్డులో (పొద్దున వచ్చి కీమో ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికెళ్ళే వార్డు) కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఎడం చేతికి సెలైన్ ఎక్కుతోంది, కుడి చేత్తో పెన్ను పట్టుకుని పాత బిల్లు వెనకాల కీమో తేదీలు వరసగా రాసుకుంటున్నారు, ఒక్కో తేదీ పక్కన చిన్న గడి గీసి పెట్టుకున్నారు, అయిపోయాక టిక్ పెట్టుకోడానికన్నమాట. మేం డబ్బుల సంగతి ఎత్తగానే ఎంతొచ్చిందని అడగలేదావిడ, "ఎవరెవరికి చెప్పార్రా?" అన్నారు. అప్పటికే ఆవిడ బయాప్సీ రిపోర్ట్ ఫోటో మూడు గ్రూపుల్లో తిరుగుతోంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

తర్వాత చెప్పేశాం, చెప్పక తప్పదు కదా. కోప్పడలేదు, కాసేపు మాట్లాడకుండా ఉండిపోయి, సరే చెయ్యండి గానీ మూడు మాటలు వినండి అన్నారు. జబ్బు ఏ భాగానికి వచ్చిందో ఎక్కడా రాయొద్దు, ఇప్పుడు తన దగ్గర చదువుతున్న పిల్లల దగ్గర ఒక్కరి దగ్గర కూడా తీసుకోవద్దు, లెక్కలు వారం వారం తనకి చూపించాలి. ఆ మూడూ చివరిదాకా పాటించాం, అందుకే ఇప్పుడు కూడా ఆవిడది ఏ క్యాన్సరో ఇక్కడ చెప్పట్లేదు.

కాబట్టి మీరు వెళ్ళినప్పుడు ఈ విషయాలు విడివిడిగా అడగండి: పేరు రాయొచ్చా, ఫోటో పెట్టొచ్చా, ఏ ఫోటో, జబ్బు పేరు చెప్పొచ్చా, హాస్పిటల్ పేరు చెప్పొచ్చా, ఎవరికి చెప్పకూడదు. అన్నీ కలిపి "మేం చూస్కుంటాం మేడం" అనేసి వచ్చేయకండి. ఫోటో సంగతి మరీ ముఖ్యం. జుట్టు ఊడిపోయి మంచం మీద ఉన్న ఫోటో పెడితేనే జనం ఇస్తారని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు, వాళ్ళ మాట పట్టించుకోకండి. బోర్డు ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడ్డ పాత ఫోటో ఉంటుంది ఎవరి దగ్గరో, అది వెతకండి. పాత స్టూడెంట్లకి గుర్తున్న మనిషి ఆ ఫోటోలో మనిషే, వాళ్ళు ఆ మనిషికే ఇస్తారు.

ఒకవేళ టీచర్‌గారు వద్దంటే? వద్దంటే వద్దే. దగ్గరి వాళ్ళు ఆరేడుగురు కలిసి ఎవరికీ చెప్పకుండా ఒక బిల్లు కట్టేయొచ్చు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళి తీసుకురావడం వంతులు వేస్కోవచ్చు, వడ్డీ లేకుండా చేబదులుగా ఇస్తాం అనొచ్చు. సాయం అంటే ఒప్పుకోని వాళ్ళు చేబదులంటే ఒప్పుకోవడం నేను చూశాను.

ఇప్పుడు ఎంత కావాలన్నది. దీని మీదే ఎక్కువ టైం పెట్టండి. చాలామంది నోటికొచ్చిన గుండు సున్నాల నంబర్ ఒకటి పెట్టేస్తారు, అది ఎక్కడ్నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే జవాబుండదు. క్యాన్సర్ ట్రీట్‌మెంట్ ఆపరేషన్ చేసి ఇంటికి పంపించేసే వ్యవహారం కాదు, అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నడుస్తుంది, ఖర్చు కూడా అలాగే విడతలు విడతలుగా వస్తుంది. ఉదాహరణకి రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 పాజిటివ్ అని (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండేది) ఒక రకం ఉంటుంది, దానికి ఒక పద్ధతిలో కీమో మూడు వారాలకోసారి చొప్పున 8 సైకిళ్ళు, అంటే 8 విడతలు అనుకుంటే అదే దాదాపు ఆరు నెలలు, ఆపరేషన్ వేరే, రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలో ఇంకా ఎక్కువో, ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు వారాలకోసారి మొత్తం ఏడాది పాటు, అంటే 17, 18 డోసులు, హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం) కూడా అయితే ఆ తర్వాత మాత్రలు 5 నుంచి 10 ఏళ్ళు. ఇంకో రకం, సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ తీసుకుంటే అసలు కీమో డ్రిప్పే లేకుండా ఇమాటినిబ్ లాంటి మాత్ర రోజూ ఏళ్ళ తరబడి వేస్కోవడమే ట్రీట్‌మెంట్ కావచ్చు. చూడండి, మొదటిదానికి ముందే పెద్ద మొత్తం కావాలి, రెండోదానికి నెల నెలా ఆగకుండా కావాలి. క్యాన్సర్ అనే ఒక్క మాట పట్టుకుని రెండిటికీ ఒకేలా అడిగితే కుదర్దు.

అందుకని ఆంకాలజిస్ట్, అంటే క్యాన్సర్ డాక్టర్ దగ్గరకి టీచర్‌గారి ఇంట్లో వాళ్ళతో పాటు మీలో ఒకరు వెళ్ళి ట్రీట్‌మెంట్ ప్లాన్ రాయించుకోండి. ఎన్ని సైకిళ్ళు, ఎన్ని రోజుల గ్యాప్, మధ్యలో స్కాన్‌లు ఎప్పుడెప్పుడు, ఆపరేషన్ ఎప్పుడు, రేడియేషన్ ఎన్ని సిట్టింగ్‌లు. తర్వాత బిల్లింగ్ కౌంటర్‌లో ఒక్కోదానికి ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీస్కోండి, హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో. దాన్ని క్యాలెండర్ మీద పరిచేస్తే ఏ నెలలో ఎంత కావాలో కళ్ళకి కనపడుతుంది. మేం ఆ పని చేశాకే మొత్తం ఖర్చులో దాదాపు సగం మొదటి మూణ్ణెల్లలోనే పడుతుందని అర్థమైంది. అంటే పరిగెత్తాల్సింది ముందు, తర్వాత నిదానంగా నెల నెలా వస్తే చాలు.

ఎస్టిమేట్‌లో రాయనివి కొన్ని ఉంటాయి, అవే ఇంటిని గుల్ల చేస్తాయి. కీమో ఇచ్చిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్యలో తెల్ల కణాలు బాగా పడిపోతాయి, ఆ టైంలో జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే అది మామూలు జ్వరం కాదు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిందే, అడ్మిషన్, యాంటీబయాటిక్ డ్రిప్‌లు, నాలుగైదు రోజులు. ఇది ఎవరి ప్లాన్‌లోనూ ఉండదు. కణాలు పెరగడానికి వేసే ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం, నరాలు దొరక్కపోతే కీమో పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టడం, ఇవన్నీ అలాంటివే. ఇక హాస్పిటల్ బయటవి వేరే: రానూపోనూ ఖర్చులు, హాస్పిటల్ దగ్గర గది అద్దె, పక్కనుండే మనిషి ఉద్యోగం మానేస్తే పోయే జీతం. టీచర్‌గారి సెలవులు అయిపోయాక ఆవిడ జీతం కూడా సగమో, మొత్తమో ఆగిపోతుంది, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మాత్రం ఆగవు. ఇవి అడగడానికి మొహమాటపడి చాలామంది ట్రీట్‌మెంట్ ఖర్చు ఒక్కటే చెబుతారు, అది తప్పు. నేనైతే ఎస్టిమేట్‌కి ఐదో వంతు ఊహించని ఖర్చుల కింద కలుపుతా, ఇంటి ఖర్చులు విడిగా ఇంకో లైన్‌లో చూపిస్తా, ఎవరూ తప్పు పట్టరు.

ఇంత లెక్క తేలాక కూడా వెంటనే అడగడం మొదలెట్టకండి, ఇందులో ఎంత తగ్గుతుందో చూడండి ముందు. ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే ఎంతవరకు, ఆ లిమిట్ ఈ ఏడాదికా మొత్తానికా. స్కూల్ యాజమాన్యం ఏమన్నా ఇస్తుందా, టీచర్ల సంఘానికి సంక్షేమ నిధి ఉందా, ప్రభుత్వ పథకం ఏదన్నా వర్తిస్తుందా. పెద్ద హాస్పిటళ్ళలో మెడికల్ సోషల్ వర్కర్ అని ఒకరుంటారు, చాలామందికి ఆ మనిషి ఉన్నారనే తెలీదు, వెళ్ళి కలవండి, రాయితీలు, ట్రస్టులు, మందుల కంపెనీలు పేషెంట్లకి నడిపే సాయం స్కీములు అన్నీ వాళ్ళ దగ్గరే తెలుస్తాయి. మందుల గురించి డాక్టర్‌ని ఒక్క ప్రశ్న కచ్చితంగా అడగండి: దీనికి జెనరిక్ (అదే మందు వేరే కంపెనీలు తక్కువ ధరకి చేసేది) గానీ బయోసిమిలర్ (ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లకి దాదాపు అలాగే పనిచేసేలా వేరే కంపెనీ చేసేది) గానీ ఉందా అని. ఇందాక చెప్పిన ట్రాస్టుజుమాబ్‌కి బయోసిమిలర్లు ఉన్నాయి, ఇమాటినిబ్‌కి జెనరిక్‌లు ఉన్నాయి, 2015లో ఈ రెండిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది కూడా. డాక్టర్ ఒప్పుకుంటేనే సుమా, మన తెలివితో మార్చకూడదు. కానీ అడిగితే తగ్గే ఖర్చుకి అడక్కుండా వంద మంది దగ్గర చెయ్యి చాపడం న్యాయం కాదు.

ఒక జాగ్రత్త ఉంది ఇక్కడ. కొన్నిచోట్ల ఆదాయం చూసి ఇచ్చే ప్రభుత్వ సాయాలకి పేషెంట్ అకౌంట్‌లో పెద్ద మొత్తం కనపడితే ఇబ్బంది వస్తుంది. పోగైన డబ్బు మీద పన్ను ఉంటుందా, పబ్లిక్‌గా డబ్బు వసూలు చెయ్యడానికి పర్మిషన్ కావాలా, వేరే దేశం నుంచి పంపే డబ్బుకి రూల్స్ ఏంటి, ఇవి దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి పాత స్టూడెంట్లలో అకౌంటెంటో, లాయరో తప్పకుండా ఉంటారు, వాళ్ళని ఒక గంట కూర్చోబెట్టండి. డబ్బు ఇవ్వలేకపోతున్నా అని బాధపడేవాళ్ళకి కూడా ఇలాంటి పని ఇవ్వొచ్చు.

మనుషుల విషయానికొస్తే ముగ్గురు చాలు. ఒకరు డబ్బు లెక్కలు, ఒకరు టీచర్‌గారి ఇంటితోనూ హాస్పిటల్‌తోనూ మాట్లాడ్డానికి, ఒకరు అందరికీ ఫోన్లు చేయించడానికి. లెక్కలు రాసేవాళ్ళు, డబ్బు తీసేవాళ్ళు ఒకరే కాకుండా చూడండి. నమ్మకం లేక చెప్పట్లేదు, ఎంత మంచివాడికైనా ఒక్కడి మీదే మొత్తం పడితే రేపు ఎవడో ఒక మాట అంటాడు, ఆ మాట టీచర్‌గారి చెవిన పడుతుంది, అది ఆవిడకి జబ్బుకంటే పెద్ద బాధ. వీలైతే ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలే జాయింట్ అకౌంట్ కొత్తది తెరవండి, ఎవరి సొంత జీతం పడే అకౌంట్‌లోనూ కలపకండి. ఖర్చు పెట్టేటప్పుడు సాధ్యమైనంతవరకు నేరుగా హాస్పిటల్‌కే కట్టండి, టీచర్‌గారి పేషెంట్ నంబర్ రాయించి రసీదు తీస్కోండి. అడ్వాన్స్ కడుతున్నప్పుడు ఇంకోటి అడగండి, మిగిలితే రీఫండ్ ఎవరి పేరు మీద వస్తుందని. మాకు ఒకసారి రీఫండ్ ఎవరి అకౌంట్‌కి వెళ్ళిందో కనుక్కోడానికి నెల పట్టింది, నెల రోజులు ఆ లైన్ లెక్కల్లో ఖాళీగా కనిపించింది అందరికీ.

ఆన్‌లైన్ క్రౌడ్ ఫండింగ్ ప్లాట్‌ఫాంలో (నలుగురి దగ్గరా డబ్బు పోగు చేసే వెబ్‌సైట్) పేజీ పెట్టాలా వద్దా అని అందరూ అడుగుతారు. దూరదేశాల్లో ఉన్న పాత స్టూడెంట్లు ఎక్కువమంది ఉంటే పెట్టండి, వాళ్ళకి కార్డుతో కట్టడం తేలిక. పెట్టే ముందు ఫీజు ఎంత, డబ్బు ఎన్ని రోజులకి చేతికొస్తుంది, ఎవరి పేరు మీద వస్తుంది, గోల్ చేరకపోయినా వచ్చిన కాడికి ఇస్తారా లేదా అన్నవి చదవండి. కిక్‌స్టార్టర్ లాంటి చోట గోల్ చేరకపోతే ఏమీ రాదు, పైగా అక్కడ ఇలాంటి సాయాలకి ఒప్పుకోరు. 2010లో మొదలైన గోఫండ్‌మీలో వచ్చినకాడికి తీస్కోవచ్చు, అమెరికాలో వ్యక్తిగత క్యాంపెయిన్ల మీద ప్లాట్‌ఫాం ఫీజు 2017లో తీసేశారు గానీ కార్డ్ ఛార్జీలు పడతాయి, ఇచ్చేవాళ్ళని టిప్ కూడా అడుగుతుంది. ఆ టిప్ ప్లాట్‌ఫాంకి వెళ్తుంది, టీచర్‌గారికి కాదు, ఇష్టమైతేనే ఇవ్వొచ్చు, సున్నా కూడా పెట్టుకోవచ్చు అని మీ మెసేజ్‌లో ఒక్క ముక్క రాయండి, చాలామందికి అది తెలీక తర్వాత బాధపడతారు.

కానీ పేజీ పెట్టేస్తే డబ్బులు వాటంతటవే వస్తాయన్న భ్రమ మాత్రం వద్దు. అమెరికాలో 2016 నుంచి 2020 వరకు గోఫండ్‌మీలో పెట్టిన వైద్య క్యాంపెయిన్లని పరిశోధకులు లెక్కేస్తే అనుకున్న మొత్తం చేరినవి 12 శాతం లోపే, 16 శాతం వాటికి ఒక్కరు కూడా ఏమీ ఇవ్వలేదు. ఆ పేజీల వెనకున్న వాళ్ళు కూడా మనలాగే ఎవరి ప్రాణం కోసమో పెట్టినవాళ్ళే. లింక్‌ని నలుగురికి మోసుకెళ్ళే మనుషులు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టే డబ్బు వస్తుంది. ఈ విషయంలో టీచర్ అదృష్టవంతురాలనే చెప్పాలి, ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఇరవై బ్యాచ్‌లు ఉంటాయి.

కాబట్టి బ్యాచ్‌ల వారీగా వెళ్ళండి. టీచర్‌గారు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎక్కడ పనిచేశారో రాసుకుని, ఒక్కో బ్యాచ్‌కి ఒకర్ని పట్టుకోండి, క్లాస్ లీడరే అవ్వాల్సిన పన్లేదు, అందరితో మాటలున్న మనిషైతే చాలు. ఆ ఒక్కరూ పదిమందికి ఫోన్ చెయ్యాలి. ఫోన్ అంటున్నా, ఫార్వర్డ్ కాదు. గ్రూపులో పెట్టిన మెసేజ్ చూసి ప్రతివాడూ ఇంకొకడు ఇస్తాడులే అనుకుంటాడు, అది చెడ్డతనం కాదు, గుంపులో అలాగే ఉంటుంది. అదే ఫోన్ చేసి "ఒరే, మన లెక్కల టీచర్‌కి బాలేదురా, నీకు చెబ్దామని చేశా" అంటే రెండో నిమిషంలో వాడే అడుగుతాడు ఏం చెయ్యాలి అని. ఫోన్‌లో ఎంత ఇస్తావని మీరు అడగొద్దు. ఈ నెల ఖర్చు ఇంత, ఇప్పటిదాకా ఇంత వచ్చింది, నీకు వీలైనంత, వీలుకాకపోతే ఇంకో ఇద్దరి నంబర్లు ఇవ్వు చాలు అనండి. చేతిలో లేనివాడు కూడా సిగ్గుపడకుండా ఫోన్ పెట్టెయ్యగలగాలి. వాడి కష్టం వాడికుంటుంది.

రాత మెసేజ్ ఎలాగూ కావాలి, మేం వాడింది దాదాపు ఇలా ఉంటుంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"మన స్కూల్లో లెక్కలు చెప్పిన టీచర్‌గారికి క్యాన్సర్ ట్రీట్‌మెంట్ జరుగుతోంది. ఆవిడకి చెప్పి, ఆవిడ ఒప్పుకున్నాకే ఈ మెసేజ్ పెడుతున్నాం. మొత్తం ట్రీట్‌మెంట్ 14 నెలలు. మొత్తం ఖర్చు 100 అనుకుంటే ఇన్సూరెన్స్, స్కూల్ సాయం పోగా 58 మనం చూడాలి, ఆ 58లో 20 వచ్చే నెల పదో తారీఖు లోపు కావాలి. ఒకేసారి ఇవ్వక్కర్లేదు, నెల నెలా కొంచెం ఇచ్చినా అదే ఎక్కువ ఉపయోగం. డబ్బు నేరుగా హాస్పిటల్‌కి కడుతున్నాం, ప్రతి ఆదివారం లెక్క ఈ షీట్‌లో ఉంటుంది. డబ్బు మిగిలితే ఏం చెయ్యాలో కింద రాశాం. సందేహం ఉంటే ఈ ఇద్దరికీ ఫోన్ చెయ్యండి. టీచర్‌గారికి దయచేసి డబ్బు గురించి ఫోన్ చెయ్యొద్దు. జబ్బు వివరాలు అడగొద్దు."

100 అన్న చోట మీరు అసలు మొత్తం రాస్తారు, ఇక్కడ అర్థం కావడానికి అలా పెట్టా. ఇందులో ఏడుపు ఎక్కడా లేదు చూశారా, తేదీ ఉంది, మొత్తం ఉంది, ఫోన్ చెయ్యడానికి మనుషులున్నారు. కావాలంటే పైన ఒక జ్ఞాపకం రాయండి, ఒకటే, నిజంగా జరిగింది. మా మెసేజ్‌లో ఒకమ్మాయి రాసిన రెండు లైన్లు పెట్టాం, పరీక్షలో స్టెప్పులన్నీ కరెక్ట్‌గా చేసి ఆఖర్న కూడిక తప్పు చేస్తే టీచర్‌గారు సున్నా వెయ్యకుండా ఎక్కడిదాకా కరెక్టో అక్కడిదాకా మార్కులు వేసి, పక్కన "ఇక్కడిదాకా బాగుంది" అని రాసేవారని. ఆవిడ దగ్గర చదివిన ప్రతివాళ్ళకీ ఆ ఎర్ర ఇంకు అక్షరాలు గుర్తే.

బయట జనానికి షేర్ చేసే ముందు మీ దగ్గరి వాళ్ళ నుంచి కనీసం మూడో వంతు వచ్చేలా చూస్కోండి. ఖాళీ పళ్ళెంలో మొదట వెయ్యడానికి ఎవరికైనా సంకోచమే. కోర్ టీం ముందు వెయ్యాలి, తర్వాత సొంత బ్యాచ్, తర్వాత మిగతా బ్యాచ్‌లు, ఆ తర్వాతే బయటికి.

నెల నెలా ఇచ్చేవాళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి, మా విషయంలో గట్టెక్కించింది వాళ్ళే. మొదటి పది రోజుల్లో ధారాళంగా వచ్చింది, మూడో నెలకొచ్చేసరికి గ్రూపులో చలనం లేదు, అప్పటికింకా ట్రీట్‌మెంట్ పావు వంతే అయ్యింది. డబ్బు పెద్దగా రాని ఆ రోజుల్లో నెలకింత అని మాటిచ్చిన నలభై మంది వల్లే ఇంజెక్షన్ ఒక్కటి కూడా వాయిదా పడలేదు. వాళ్ళలో ఒకతను, స్కూల్ మధ్యలో మానేసినవాడు, ప్రతి నెలా ఐదో తారీఖు పొద్దున్నే అదే చిన్న మొత్తం పంపేవాడు, మెసేజ్ ఏమీ ఉండదు, నోట్ దగ్గర "లెక్కలు" అని ఒక్క మాట. పద్నాలుగు నెలలూ తప్పలేదు. కాబట్టి మొదటి వారంలో జనం మంచి ఊపు మీద ఉన్నప్పుడే నెలవారీ పేర్లు రాయించేస్కోండి, ఆటో డెబిట్ పెట్టించండి, మూడో నెల్లో అడిగితే రావు. ప్రతి కీమో ముందు ఒక చిన్న అప్‌డేట్ పెట్టండి, "ఐదోది అయ్యింది, ఇంకా మూడున్నాయి" అని, టీచర్‌గారి ఇష్టం మేరకే.

మోసాల సంగతి. మా మెసేజ్ బయటికెళ్ళిన ఎనిమిదో రోజున అదే ఫోటో, అదే రాత, క్యూఆర్ కోడ్ మాత్రం వేరేది ఉన్న పోస్టర్ ఒకటి తిరిగింది. ఎవరు చేశారో తెలీలేదు, ఎంత పోయిందో కూడా తెలీదు. ఒకావిడ రసీదు పంపి "అందిందా" అని అడిగితేనే బయటపడింది. అందుకే అకౌంట్ వివరాలు పోస్టర్ బొమ్మలో పెట్టకుండా ఒకే ఒక పేజీలో పెట్టి ఆ లింకే ఇవ్వండి, అకౌంట్ ఎవరి పేరు మీద కనిపించాలో రాతలో చెప్పండి, పంపేముందు ఆ పేరు చూస్కోమనండి. రిపోర్ట్‌లు రుజువు కింద అడిగేవాళ్ళు ఉంటారు, అడగడం వాళ్ళ హక్కే, కానీ రిపోర్ట్ గ్రూపులో పెట్టకండి. హాస్పిటల్ ఎస్టిమేట్ లెటర్‌లో అడ్రస్, ఫోన్, పుట్టిన తేదీ, పేషెంట్ నంబర్ నల్లగా కొట్టేసి, అడిగినవాళ్ళకి విడిగా చూపించండి. పేషెంట్ నంబర్ ఎందుకంటే కొన్నిచోట్ల ఆ నంబర్, పుట్టిన తేదీ ఉంటే చాలు ఆన్‌లైన్‌లో రిపోర్ట్‌లన్నీ తెరుచుకుంటాయి.

స్కూల్లో ఇప్పుడున్న పిల్లల విషయం టీచర్‌గారు చెప్పకపోయినా మీరు పాటించండి. క్లాసులో డబ్బా తిప్పితే ఇవ్వలేని పిల్లాడు అందరి ముందూ తల దించుకుంటాడు. పిల్లలకి ఏదో ఒకటి చెయ్యాలనుంటుంది పాపం, వాళ్ళని ఉత్తరాలు రాయమనండి, లెక్కలు చేసి పంపమనండి. మా టీచర్‌గారు కీమో కుర్చీలో కూర్చుని దిద్దిన హోంవర్క్‌లు ఉన్నాయి. తల్లిదండ్రులు ఇవ్వాలనుకుంటే నేరుగా అకౌంట్‌కి పంపుకుంటారు, ఎవరి పిల్లాడి ఇంట్లో ఎంతిచ్చారన్నది స్కూల్లో తెలియకూడదు. లిస్టు పెట్టేటప్పుడు కూడా ఎక్కువిచ్చినవాళ్ళు పైన, తక్కువిచ్చినవాళ్ళు కింద అని కాకుండా తేదీ వరసలో పెట్టండి, పేరు వద్దన్నవాళ్ళకి బ్యాచ్ సంవత్సరం ఒక్కటే రాయండి. తోటి టీచర్ల దగ్గర డబ్బుకంటే పెద్ద సాయం ఒకటుంది, కొన్నిచోట్ల ఒకరి సెలవులు ఇంకొకరికి బదిలీ చేసే వీలుంటుంది, అది ఉందేమో అడగండి, జీతం ఆగకుండా ఇంకో రెండు నెలలు వచ్చినా ఎంతో కలిసొస్తుంది.

లెక్కల షీట్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, వచ్చిన తేదీ, ఎంత, ఖర్చయిన తేదీ, దేనికి, రసీదు నంబర్, చేతిలో మిగిలింది. ఆరో వారం టీచర్‌గారికి ప్రింట్ తీస్కెళ్ళి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని వేలు పెట్టి పైనుంచి కిందకి చదువుకుంటూ వచ్చి ఒక దగ్గర ఆగిపోయారు. ఒకే రసీదు రెండుసార్లు ఎక్కించాం, ఖర్చు ఎక్కువ చూపించింది. ఎర్ర పెన్ను అడిగి తీస్కుని దాని చుట్టూ గుండ్రంగా గీసి, "ఇక్కడిదాకా బాగుంది" అని రాసిచ్చారు. ఆ కాగితం ఫోటో ఆవిడ పర్మిషన్‌తోనే ఆ ఆదివారం అప్‌డేట్‌లో పెట్టాం, తప్పు మాదే అని రాసి సరిచేసిన లెక్క కింద పెట్టాం. ఆ వారం వచ్చినన్ని డబ్బులు మొదటి వారం తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. తప్పు జరిగితే మీరే ముందు చెప్పెయ్యండి.

ఇక మాట్లాడ్డానికి మనసొప్పని ఒక విషయం, కానీ మొదటి మెసేజ్‌లోనే రాయాల్సింది: డబ్బు మిగిలితే, లేదా ట్రీట్‌మెంట్ ఫలించకపోతే ఏం చేస్తారన్నది. టీచర్‌గారినే అడిగి నిర్ణయించండి, కష్టమైనా సరే. మా టీచర్‌గారు దాని గురించి మాకంటే మామూలుగా మాట్లాడారు. ఆవిడ చెప్పింది ఇదీ: ముందు ఏడాది పాటు చెకప్‌లకి, స్కాన్‌లకి ఉంచాలి, ఎందుకంటే ట్రీట్‌మెంట్ అయిపోయాక కూడా మొదటి రెండు మూడేళ్ళు కొన్ని నెలలకోసారి చూపించుకుంటూనే ఉండాలి. ఆ తర్వాత కూడా మిగిలితే అదే హాస్పిటల్‌లో డబ్బులేక ఆగిన ఇంకో పేషెంట్ బిల్లుకి కట్టాలి. ఇది ముందే రాసి ఉండబట్టి చివర్లో ఎవరితోనూ వాదన రాలేదు.

అయిపోయాక లింక్ మూసెయ్యండి. ఇది చాలామంది మర్చిపోతారు, పాత ఫార్వర్డ్ ఏడాది తర్వాత కూడా ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది, ఎవరో తెలీనివాళ్ళు డబ్బు పంపుతూనే ఉంటారు. పేజీ పైన "టీచర్‌గారి ట్రీట్‌మెంట్ పూర్తయింది, ఇక డబ్బు పంపొద్దు" అని రాసి, చివరి లెక్క పెట్టి, అకౌంట్ క్లోజ్ చేసి, షీటూ రసీదులూ ఒక ఫైల్‌లో వేసి కొన్నేళ్ళు దాచండి, పన్ను వాళ్ళో, ఇచ్చినవాళ్ళో అడగొచ్చు. థాంక్స్ మెసేజ్‌లు మీరు పంపండి, ఆ బరువు టీచర్‌గారి మీద పెట్టకండి. మా ఫైల్‌లో అన్నిటికంటే పైన ఉన్నది ఆ పాత బిల్లు, వెనక్కి తిప్పితే ఆవిడ గీసుకున్న గడులన్నిట్లోనూ టిక్‌లు ఉన్నాయి.